చెట్టు ఒకటే, లెక్కలు వేరు

హైదరాబాద్ శివార్లలో కంది నుంచి పటాన్‌చెరు దాకా రహదారికి అటూ ఇటూ పచ్చగా కనిపించే ప్రతి జాగాకూ ఒక్కో రకం యజమాని ఉన్నాడు. కందిలో 576 ఎకరాల ఐఐటీ ప్రాంగణం, పటాన్‌చెరులో 1972లో మొదలై దాదాపు 1,400 హెక్టార్లలో విస్తరించిన వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్, జిన్నారం వైపు ఖాజిపల్లి రిజర్వు అడవి, ఫ్యాక్టరీల ప్రహరీల వెంట వరస చెట్లు, రైతుల తోటలు. చెట్టు విలువ ఎంతని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో లెక్క చెబుతారు. ఒకరికి ప్రకృతి మీద ప్రేమ ఉండి, మరొకరికి లేక ఈ తేడా వచ్చిందనుకోవడం పొరపాటు. ఆ నేల తన చేతిలో ఎన్నేళ్లు ఉంటుందని యజమాని నమ్ముతున్నాడు, అతనితో పాటు అక్కడ ఇంకెవరికి హక్కు ఉంది అనేవే చెట్టు ఆయుష్షును తేలుస్తున్నాయి.

రైతునే చూడండి. నీలగిరి వేస్తే నాలుగైదేళ్లలో కోతకు వస్తుంది, కొట్టిన మోడు మళ్లీ చిగురిస్తుంది, కర్ర కాగితపు మిల్లుకు పోతుంది. కూలీలు దొరకని చోట, వాన నమ్మలేని చోట అది తెలివైన నిర్ణయమే. కానీ పరిశ్రమలు, వెంచర్లు ఊరిని చుట్టుముట్టాక కర్ర ధరకూ నేల ధరకూ పొంతన ఉండదు. కూతురి పెళ్లో, ఆసుపత్రి ఖర్చో మీద పడితే భూమి అమ్మిన రైతును ఎవరు తప్పుపట్టగలరు? చెట్లను నిలిపి ఉంచినందుకు అతనికి ఏడాదికి ఒక్క రూపాయి ఇచ్చే ఏర్పాటు లేనప్పుడు నీడా, గాలీ, పక్షులూ అతని లెక్కలోకి ఎలా వస్తాయి? ఫ్యాక్టరీది మరో లెక్క. పర్యావరణ అనుమతుల్లో సాధారణంగా ఇంత శాతం స్థలం పచ్చదనానికి వదలాలన్న షరతు ఉంటుంది కాబట్టి చెట్టు అక్కడ శాతంగా మారుతుంది. ఏ జాతి చెట్టు, ఏ పిట్ట వాలుతుంది అన్నది ఆ శాతంలో కనిపించదు. పటాన్‌చెరు–బొల్లారంను 2009లోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో చేర్చింది. ఇలాంటి చోట ఆ షరతును కాగితం మీద ముగించడం ప్రజల ఊపిరితో చెలగాటమే.

మరైతే అంతా ప్రభుత్వం చేతిలో ఉంటే చాలదా అని అడగవచ్చు. అమ్మకానికి లేని నేలలోనే చెట్లు ఎక్కువ కాలం నిలిచాయన్నది నిజం. అయినా ప్రభుత్వానికీ ఒకే లెక్క లేదు. వికారాబాద్ దామగుండంలో నౌకాదళ రేడియో ప్రసార కేంద్రానికి దాదాపు 2,900 ఎకరాల అడవిని కేటాయించి 2024 అక్టోబరులో శంకుస్థాపన చేశారు. దేశ రక్షణ అవసరాన్ని కాదనలేం, కానీ అక్కడ అడవి ఓడిపోయిన లెక్క అది. 2025లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలను ఐటీ అవసరాలకు చదును చేస్తుంటే సుప్రీంకోర్టు ఆపింది. రికార్డుల్లో అది అడవి కాదని ప్రభుత్వం వాదించింది. కానీ అదే కోర్టు 1996 డిసెంబరు 12నే, యాజమాన్యం ఎవరిదైనా అడవి స్వభావం ఉన్న నేలకు 1980 అటవీ సంరక్షణ చట్టం వర్తిస్తుందని తేల్చింది. ఇక ఖాజిపల్లిలో 1,650 ఎకరాలను 2020లో సినీనటుడు ప్రభాస్ దత్తత తీసుకుని, పార్కు అభివృద్ధికి 2 కోట్ల రూపాయలు ఇచ్చారు. నగరవాసికి అది నడక, స్వచ్ఛమైన గాలి. ఇలాంటి అడవుల పక్క ఊళ్లకు మాత్రం మేకల మేత, వంటచెరకు, కార్తె మారితే సీతాఫలాలు. కంచె వేసేముందు ఈ రెండో లెక్కనూ వినాలి.

ప్రైవేటు యాజమాన్యమే అడవికి శత్రువన్న మాట కూడా నిలవదు. ఫిన్లండ్‌లో అడవిలో సగానికి పైగా కుటుంబాలదే, తరాలుగా నిలిచే ఉంది. కర్ర యజమానిదే అయినా అందులో నడిచే, పండ్లు, పుట్టగొడుగులు ఏరుకునే హక్కు అందరిదీ. అక్కడ కలప అమ్మితే బతుకు గడుస్తుంది, ఇక్కడ నేల అమ్మితేనే గడుస్తుంది. ఆ తేడాను మార్చేది ధర్మోపదేశం కాదు, డబ్బూ హక్కూ. చెట్లను నిలిపిన రైతుకు ఎకరాకు ఇంత అని ఏటా చెల్లించాలి. ఆ సొమ్ములో కొంత పచ్చదనం షరతు తప్పిన పరిశ్రమల నుంచి రాబట్టాలి. అడవిని గుర్తించే సర్వేలో విస్తీర్ణం, సర్వే నంబరు పక్కన అక్కడ మేసే మందలు, పండ్లు కోసుకునే ఊళ్ల పేర్లు కూడా రాయాలి.