సీసాలో ఉన్నది మందా, మత్తా?
గంజాయి నూనె గురించి మీరు అడుగుతున్న ప్రశ్నలకు జవాబులు



ఈమధ్య మన ఓ.పి.లో తరచుగా ఒక దృశ్యం చూస్తున్నాం. చీటీ రాయించుకుని, మందులు తీసుకుని, వెళ్లబోతూ ఒక్క నిమిషం ఆగుతారు. చుట్టూ చూసి, చేతి సంచిలోంచి చిన్న చుక్కల సీసా తీసి, గొంతు తగ్గించి అడుగుతారు: "సిస్టరమ్మా, ఇది వాడొచ్చా?" సీసా మీద పచ్చని ఆకు బొమ్మ ఉంటుంది. మూర్ఛ ఉన్న పిల్లల తల్లులు, క్యాన్సర్ రోగుల ఇంటివారు, కీళ్లనొప్పులతో బాధపడే పెద్దవారు ఇలా అడుగుతున్నారు.

నిజం చెప్పాలంటే, మొదట్లో మేము ఈ ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పలేదు. దాని ఫలితం ఏమిటో ఒక వానాకాలపు రాత్రి మాకు తెలిసింది.

రాత్రి పదకొండు దాటాక ఆటోలో ఏడేళ్ల పాపను తీసుకొచ్చారు. అరగంటగా ఫిట్స్ ఆగలేదు. పెదవులు నల్లబడ్డాయి. ఆక్సిజన్ పెట్టి, ఇంజెక్షన్లు ఇచ్చి, డాక్టరు గారూ మేమూ తెల్లవారేదాకా ఆ మంచం దగ్గరే ఉన్నాం. పాప మాకు కొత్త కాదు. రెండేళ్లుగా వాల్‌ప్రోయేట్ సిరప్ వాడుతోంది, ఫిట్స్ చాలావరకు అదుపులోనే ఉన్నాయి. "చివరి డోసు ఎప్పుడు వేశావమ్మా?" అని అడిగితే తల్లి మాట్లాడలేదు. నాయనమ్మ సంచిలోంచి సీసా తీసి మా చేతిలో పెట్టింది. ఫోనులో అమ్మినవాడు "ఇంగ్లీషు మందు లివరు పాడుచేస్తుంది, మానెయ్యండి, ఈ చుక్కలతో మూడు నెలల్లో జబ్బు పోతుంది" అని చెప్పాడట. డ్వాక్రా డబ్బులోంచి నాలుగున్నర వేలు పెట్టి కొన్నారు. సిరప్ మానేసి పన్నెండు రోజులైంది.

ఆ తల్లి తర్వాత అన్న మాట మమ్మల్ని ఎక్కువగా బాధపెట్టింది. "పోయిన నెల మిమ్మల్నే అడిగానమ్మా. గంజాయి పేరెత్తితే పోలీసులు పట్టుకుంటారు అని పంపేశారు. అందుకే మళ్లీ అడగలేదు."

ఆమె తప్పు కాదు. అడిగినప్పుడు కూర్చోబెట్టి చెప్పాల్సింది మేము. ఆ రోజు చెప్పవలసింది ఈ రోజు మీ అందరికీ చెబుతున్నాం.

ఒకే మొక్క, రెండు గుణాలు

గంజాయి మొక్కలో నూటికి పైగా ప్రత్యేక రసాయనాలు ఉన్నాయి. వాటిలో రెండింటి పేర్లు తెలుసుకుంటే చాలు. ఒకటి టి.హెచ్.సి. మత్తు కలిగించేది ఇదే. రెండోది సి.బి.డి., అంటే కానబిడియోల్. దీనివల్ల మత్తు ఎక్కదు.

ఈ రెండింటి నిర్మాణాన్ని ఇజ్రాయెల్‌కు చెందిన శాస్త్రవేత్త రఫాయెల్ మెషూలమ్, ఆయన సహచరులు 1963, 1964 సంవత్సరాల్లో తేల్చారు. 1992లో ఆయన ప్రయోగశాలలోనే ఇంకో విషయం బయటపడింది. మన మెదడు కూడా టి.హెచ్.సి.లా పనిచేసే ఒక పదార్థాన్ని తనంతట తాను తయారుచేసుకుంటుంది. దానికి వారు మన సంస్కృతంలోని 'ఆనందం' అన్న మాట నుంచి 'ఆనందమైడ్' అని పేరు పెట్టారు. నొప్పి, ఆకలి, వాంతి, జ్ఞాపకం వంటివాటిని సరిచూసే ఏర్పాటు శరీరంలోనే ఉందన్నమాట. గంజాయిలోని టి.హెచ్.సి. వెళ్లి ఆ ఏర్పాటునే తాకుతుంది. కాబట్టి దానితో మేలు జరగవచ్చు, కీడూ జరగవచ్చు.

కలకత్తాలో మొదలైన కథ

పడమటి వైద్యానికి ఈ మొక్కను పరిచయం చేసింది మన దేశమే. 1839లో కలకత్తా మెడికల్ కాలేజీలో పనిచేస్తున్న ఐర్లండు డాక్టరు ఓషాఘ్నెస్సీ, ఇక్కడి వైద్యులు వాడే విధానం చూసి, ముందు జంతువుల మీద పరీక్షించి, తర్వాత రోగులకు ఇచ్చాడు. ఆయన రాసిన కేసుల్లో మూర్ఛలతో బాధపడుతున్న ఒక పసిపాప కూడా ఉంది. ఆ పాప కోలుకుంది. అయితే ఒక పాపకు తగ్గినంత మాత్రాన మందు రుజువైనట్టు కాదు.

1980లో బ్రెజిల్ డాక్టర్లు మూర్ఛ అదుపులోకి రాని పదిహేనుమందిలో ఎనిమిదిమందికి సి.బి.డి. ఇచ్చి చూశారు. వారిలో నలుగురికి ఫిట్స్ దాదాపు ఆగిపోయాయి. తర్వాత చాలా ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2013లో అమెరికాలో షార్లెట్ ఫిగీ అనే చిన్నపాప కథ టీవీలో వచ్చింది. ఆమెది డ్రావే సిండ్రోమ్ అనే అరుదైన మొండి మూర్ఛ. వారానికి మూడు వందల ఫిట్స్ వచ్చేవి. సి.బి.డి. ఎక్కువగా ఉన్న నూనెతో అవి బాగా తగ్గాయి. ఆ కథ విని ప్రపంచమంతటా తల్లిదండ్రులు ఈ నూనె కోసం వెతకడం మొదలుపెట్టారు. అప్పుడు డాక్టర్లు పద్ధతి ప్రకారం పరీక్షించారు.

పరీక్షలో ఏం తేలింది?

2017లో ప్రచురించిన పరీక్షలో డ్రావే సిండ్రోమ్ ఉన్న 120 మంది పిల్లలు, యువకులు ఉన్నారు. కొందరికి సి.బి.డి., కొందరికి మందు లేని ఉత్త ద్రావణం ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో ఇంటివారికీ తెలియదు, చూసే డాక్టర్లకూ తెలియదు. సి.బి.డి. తీసుకున్నవారిలో నెలకు సుమారు 12గా ఉన్న ఫిట్స్ 6కు తగ్గాయి. ఉత్త ద్రావణం తీసుకున్నవారిలో 15 ఉన్నవి 14 అయ్యాయి. మందు తీసుకున్నవారిలో నూటికి 43 మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. పూర్తిగా ఆగినది నూటికి ఐదుగురికే.

దీన్నిబట్టి 2018 జూన్‌లో అమెరికా ప్రభుత్వం శుద్ధిచేసిన సి.బి.డి. మందును డ్రావే, లెనాక్స్-గాస్టో అనే రెండు మొండి మూర్ఛలకు అనుమతించింది. 2020లో ట్యూబరస్ స్క్లీరోసిస్ అనే పుట్టుకతో వచ్చే జబ్బులోని ఫిట్స్‌కూ అనుమతి వచ్చింది.

ఇక్కడ ఒక మాట రెండుసార్లు చదవండి. ఆ పరీక్షలో పిల్లలెవరూ పాత మందులు మానలేదు. పాత మందులు వేసుకుంటూనే, వాటికి తోడుగా సి.బి.డి. తీసుకున్నారు. "ఇంగ్లీషు మందులు మానెయ్యండి" అని చెప్పేవారు ఈ పరీక్షనే సాక్ష్యంగా చూపిస్తారు గాని, ఈ సంగతి చెప్పరు.

ఈ మందుకూ చెడు ప్రభావాలు ఉన్నాయి. నిద్రమత్తు, విరేచనాలు, వాంతులు, ఆకలి తగ్గడం కనిపిస్తాయి. లివరు ఎంజైములు పెరగవచ్చు. వాల్‌ప్రోయేట్ కూడా వాడేవారిలో ఇది ఇంకా ఎక్కువ. అందుకే మొదలుపెట్టే ముందు, తర్వాత కూడా రక్తపరీక్ష చేస్తారు. క్లోబజామ్ వాడే పిల్లల్లో దాని ప్రభావం పెరిగి విపరీతమైన నిద్ర వస్తుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారికి రక్తస్రావం జరిగే ప్రమాదం ఉంది. 'చెట్టు మందే కదా, ఏం చేస్తుంది' అనుకోవద్దు. గన్నేరు కూడా చెట్టే.

మిగతా జబ్బుల మాటేమిటి?

క్యాన్సర్ మందులతో వచ్చే వాంతులకు టి.హెచ్.సి.తో తయారైన మాత్రలు విదేశాల్లో 1985 నుంచి ఉన్నాయి. ఇప్పుడు అంతకంటె మంచి వాంతి మందులు మన ఫార్మసీలోనే దొరుకుతున్నాయి. మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే నరాల జబ్బులో కండరాలు బిగుసుకుపోవడానికి నోట్లో కొట్టే స్ప్రేను 2010లో బ్రిటన్ అనుమతించింది.

క్యాన్సర్ గడ్డను గంజాయి నూనె కరిగిస్తుందన్న మాటకు మనుషుల్లో రుజువు లేదు. ప్రయోగశాలలో గాజు పళ్లెంలోని కణాల మీద జరిగినది వేరు, మంచం మీది మనిషికి జరిగేది వేరు. కంటిలో నీటికాసులకు గంజాయి మంచిదన్న మాట కూడా వింటుంటాం. అది కంటి ఒత్తిడిని మూడు, నాలుగు గంటలే తగ్గిస్తుంది. చూపు నిలబడాలంటే రోజంతా ఒత్తిడి తగ్గి ఉండాలి. దానికి చుక్కల మందులే దారి.

క్యాన్సర్ నొప్పితో రాత్రంతా మూలుగుతున్న మీ ఇంటి పెద్దవారి కోసం ఈ నూనె వెతుకుతున్నారా? ముందు మార్ఫిన్ గురించి డాక్టరు గారిని అడగండి. 2014లో చట్టం సవరించి, మార్ఫిన్ వంటి అత్యవసర నొప్పి మందులను రోగులకు అందించడం సులభం చేశారు. క్యాన్సర్ నొప్పికి సరైన మోతాదులో ఇస్తే అది నమ్మదగిన మందు. "మార్ఫినా? అలవాటైపోతుందేమో" అని భయపడి, పేరు తెలియని సీసాను నమ్మడం చూస్తే మాకు బాధగా ఉంటుంది.

లేబులు మీద ఒకటి, లోపల ఒకటి

2017లో అమెరికా పరిశోధకులు ఇంటర్నెట్‌లో అమ్మే 84 సి.బి.డి. సరుకులు కొని పరీక్షించారు. లేబులు మీద రాసినంత మందు ఉన్నవి 26 మాత్రమే. 18 వాటిలో టి.హెచ్.సి. కూడా కనిపించింది. మత్తు లేదని నమ్మి పిల్లలకు ఇస్తే ఆ చుక్కలతోపాటు మత్తుమందూ వెళ్లే ప్రమాదం ఉందన్నమాట. మన పాప వాడిన సీసా మీద తయారుచేసినవారి లైసెన్సు నంబరు గాని, తేదీ గాని లేవు.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో 1985 నాటి మత్తుపదార్థాల చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొనలు. చరస్ అంటే దాని జిగురు. ఈ రెండూ, వీటితో చేసిన మిశ్రమాలూ నిషిద్ధం. కొనలు కలవని విడి ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. ఆకుతో చేసే భంగును రాష్ట్రాల ఎక్సైజు చట్టాలు అదుపు చేస్తాయి. ఆయుర్వేదంలో ఈ ఆకును 'విజయ' అంటారు. అయితే మన ఔషధ నిబంధనల్లో ఇది విషపదార్థాల జాబితాలో ఉంది. అంటే వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి. లైసెన్సు ఉన్నవారు తయారుచేసిన విజయ మందులు వైద్యుని చీటీతో తీసుకోవచ్చు. ఫోనులో ఆర్డరు తీసుకుని, పేరు లేని సీసా పంపేవారు దీనిలోకి రారు. సి.బి.డి. పేరు ఆ చట్టంలో విడిగా లేదు. కాబట్టి అది మొక్కలో ఏ భాగం నుంచి తీశారు, అందులో ఏముంది అన్నదే ముఖ్యం.

2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి కమిషన్ గంజాయిని అత్యంత ప్రమాదకరమైన మందుల జాబితా నుంచి 27-25 ఓట్లతో తొలగించింది. భారతదేశం తొలగించడానికే ఓటు వేసింది. దీన్ని పట్టుకుని "గంజాయికి అనుమతి వచ్చేసింది" అని కొందరు ప్రచారం చేశారు. అది నిజం కాదు. వైద్య పరిశోధనకు దారి తేలికైంది గాని, అదుపు ఉండాల్సిన మందుల జాబితాలో అది ఇంకా ఉంది.

మన యువకులకు ఒక మాట

మన ప్రాంతంలో గంజాయి కష్టం చిన్నది కాదు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు తగలబెట్టిన గంజాయే రెండు లక్షల కిలోలు. ఒక సంచి బస్సులో చేరిస్తే నాలుగు డబ్బులు వస్తాయని ఆశపడే పిల్లలున్నారు. 20 కిలోలు దాటితే శిక్ష పదేళ్లకు తక్కువ కాదు, ఇరవై ఏళ్ల వరకూ పడవచ్చు. బెయిలు దొరకడం కూడా కష్టం.

"మందుగా వాడుతున్నారు కదా, తాగితే తప్పేమిటి?" అని కాలేజీ పిల్లలు అడుగుతారు. మెదడు ఎదుగుదల ఇరవై అయిదేళ్ల వరకూ సాగుతుంది. వాడినవారిలో సుమారు పదిమందిలో ఒకరికి వ్యసనమవుతుంది. పదహారు, పదిహేడేళ్లకే మొదలుపెడితే ఆరుగురిలో ఒకరికి. చెవుల్లో మాటలు వినిపించడం, ఎవరో వెంటాడుతున్నారన్న భయం వంటి మానసిక జబ్బు కొందరిలో బయటపడుతుంది. చాలాకాలం తాగినవారిలో ఆగని వాంతులు వస్తాయి. వేడినీళ్లు పోసుకుంటే కాస్త తగ్గినట్టుంటుంది. మీ అబ్బాయి రోజుకు నాలుగుసార్లు వేడినీళ్ల స్నానం చేస్తూ వాంతులు చేసుకుంటుంటే, కోప్పడకుండా ఆసుపత్రికి తీసుకురండి. చికిత్సకు తానుగా వచ్చే వ్యసనపరుడికి చట్టం కూడా రక్షణ ఇస్తుంది. 14446 నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా అడగవచ్చు.

గుర్తుంచుకోండి

• ఫిట్స్ మందును ఎవరు చెప్పినా ఒక్కసారిగా మానకండి. మార్చాలంటే డాక్టరు గారే కొంచెం కొంచెంగా మారుస్తారు.
• ఏ నూనె, ఏ పసరు, ఏ పొడి వాడుతున్నా దాచకండి. సీసా వెంట తీసుకురండి.
• రెండు, మూడు మందులు వాడినా ఫిట్స్ ఆగకపోతే నరాల డాక్టరు దగ్గరికి పంపమని అడగండి. సి.బి.డి. అవసరమో కాదో వారు చెబుతారు.
• గర్భిణులు, పాలిచ్చే తల్లులు గంజాయి సంబంధమైనదేదీ వాడవద్దు.
• ఇంట్లో ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా గాని, నీళ్లు గాని పెట్టవద్దు. చేతిలో తాళాలు పెట్టినందువల్ల ఫిట్స్ ఆగవు. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే వెంటనే 108కి ఫోను చేయండి.

ఆ పాప ఇప్పుడు మూడో తరగతి. సిరప్ మళ్లీ మొదలుపెట్టాక బడికి క్రమంగా వెళుతోంది. తల్లి నెలనెలా వస్తుంది. పోయినసారి ఇంకొక తల్లిని వెంటబెట్టుకొచ్చింది. ఆమె చేతిలోనూ ఒక సీసా ఉంది. "అడుగు, ఏమీ అనరు" అని ఈమే ముందుకు నెట్టింది.

మీరూ అడగండి. ఇకమీదట మా కౌంటరు దగ్గర ఎవరూ ఆ ప్రశ్న గొంతు తగ్గించి అడగనక్కరలేదు.