వేరు మండల పద్ధతిలో మురుగునీటి శుద్ధి

వేరు మండల పద్ధతి అనేది చిత్తడి నేలల్లో పెరిగే మొక్కల వేళ్ళ చుట్టూ నివసించే బాక్టీరియాల సాయంతో మురుగునీటిని శుద్ధి చేసే విధానం. మొక్కలే మురికిని పీల్చుకుంటాయనే అభిప్రాయం వాడుకలో ఉన్నది. నిజానికి సేంద్రియ వ్యర్థాలను విచ్ఛిన్నం చేసేవి ప్రధానంగా సూక్ష్మజీవులే. మొక్క వాటికి నివాసాన్ని, ప్రాణవాయువును సమకూరుస్తుంది. తెలంగాణలో ఈ సూత్రాన్ని ఉపయోగించిన చోట్లలో హైదరాబాదు మణికొండ సమీపాన గల నెక్నాంపూర్ చెరువు ఒకటి.

చరిత్ర

వేళ్ళను అంటిపెట్టుకొని ఉండే మట్టిలో సూక్ష్మజీవులు అధికంగా ఉంటాయి. ఈ మండలానికి 1904లో జర్మనీ శాస్త్రవేత్త లోరెంజ్ హిల్ట్‌నర్ రైజోస్ఫియర్ అని పేరు పెట్టాడు. 1950వ దశకంలో అదే దేశానికి చెందిన కేటే జైడెల్ నీటిమొక్కలతో మురుగునీటిని శుద్ధి చేయడంపై ప్రయోగాలు చేసింది. 1974లో రైన్‌హోల్ట్ కికుట్ రూపొందించిన పద్ధతిలో జర్మనీలోని ఓట్‌ఫ్రేసెన్ అనే ఊరిలో శుద్ధి కేంద్రం ప్రారంభమైనది.

పనిచేసే విధానం

నీరు భూమిలోకి ఇంకకుండా అడుగు కట్టిన మడిలో కంకర, ఇసుక నింపి, జమ్ము, కిక్కస గడ్డి, మెట్టతామర వంటి మొక్కలు నాటుతారు. మురుగునీరు ఒక వైపు నుండి ప్రవేశించి, వేళ్ళ మధ్యగా మెల్లగా ప్రవహించి, మరొక వైపు బయటకు వస్తుంది.

ఈ మొక్కల కాడలలో గాలి గదులు ఉంటాయి. వీటి ద్వారా ప్రాణవాయువు వేళ్ళకు చేరి, కొంత వెలుపలికి వస్తుంది. వేళ్ళపై జిగురు పొరగా పెరిగిన బాక్టీరియాలు దానిని ఉపయోగించుకొని సేంద్రియ వ్యర్థాలను కుళ్ళబెడతాయి. నైట్రోసోమోనాస్ అనే బాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగాను, నైట్రోబాక్టర్ దానిని నైట్రేటుగాను మారుస్తాయి. 1 గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ను నైట్రేటుగా మార్చడానికి సుమారు 4.6 గ్రాముల ప్రాణవాయువు కావాలి. వేరుకు కొద్ది దూరంలో, ప్రాణవాయువు లేని చోట, వేరొక రకం బాక్టీరియాలు నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదులుతాయి. ఈ రెండు పరిస్థితులూ పక్కపక్కనే ఉండడం ఈ పద్ధతిలోని విశేషం.

భాస్వరం ఈ విధంగా గాలిలో కలవదు. కొంత కంకరకు అంటుకుంటుంది, కొంత మొక్కలో చేరుతుంది. కాబట్టి మొక్కలను అప్పుడప్పుడు కోసి తొలగించాలి. లేనిచో అవి చచ్చి కుళ్ళినప్పుడు భాస్వరం తిరిగి నీటిలోకే చేరుతుంది.

నెక్నాంపూర్ చెరువు

మురుగునీటిలోని పోషకాల వలన చెరువులలో గుర్రపుడెక్క దట్టంగా పెరుగుతుంది. దాని కింద నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చనిపోతాయి. నెక్నాంపూర్ చెరువుకు కూడా ఈ సమస్య ఏర్పడినది. ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ ఇతర సంస్థల సహకారంతో 2018 ఫిబ్రవరి 2న, ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవం నాడు, ఇక్కడ సుమారు 3,000 చదరపు అడుగుల తేలియాడే మొక్కల తెప్పను ప్రారంభించింది. వెదురు, థర్మోకోల్, గోనె సంచులు, కంకరతో తయారైన ఈ తెప్పపై వట్టివేరు, మెట్టతామర, జమ్ము మొదలైనవి నాటారు. తెప్పలో మట్టి ఉండదు. వేళ్ళు నేరుగా నీటిలోకి వేలాడుతూ బాక్టీరియాలకు ఆధారమవుతాయి.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థలో కంకర మడుల పద్ధతిపై, శుద్ధిచేసిన నీటిని పంటలకు వాడడంపై పరిశోధనలు జరిగాయి.

పరిమితులు

ఈ పద్ధతికి విద్యుత్తు చాలా తక్కువ సరిపోతుంది గాని స్థలం ఎక్కువ కావాలి. ఐరోపాలో కంకర మడులకు మనిషికి సుమారు 5 చదరపు మీటర్ల చొప్పున లెక్కవేస్తారు. ముందుగా మడ్డిని తేర్చకపోతే కంకర పూడిపోతుంది. రోగకారక క్రిములు తగ్గినా పూర్తిగా నశించవు కనుక ఈ నీరు తాగడానికి పనికిరాదు. పరిశ్రమల నుండి వచ్చే భారలోహాలను బాక్టీరియాలు విచ్ఛిన్నం చేయలేవు.

చెరువుపై తెప్పల విషయంలో మరొక పరిమితి ఉన్నది. శుద్ధి వేళ్ళ ఉపరితలంపైనే జరుగుతుంది కనుక, తెప్ప విస్తీర్ణానికి మించి మురుగు వచ్చి చేరుతుంటే ఫలితం కనబడదు. అందుచేత ఈ తెప్పలు మురుగు కాలువలను చెరువులోకి రానీయకుండా మళ్ళించే పనికి తోడ్పాటే గాని ప్రత్యామ్నాయం కావు.