సముద్రపు చిరుజీవులకూ పచ్చిమేత, ఎండుమేత

వానలు పడితే మీ గేదె గట్ల మీద పచ్చిగడ్డి మేస్తుంది. వేసవిలో వాము నుంచి పీకిన ఎండుగడ్డి నములుతుంది. పాలు ఎప్పుడు ఎక్కువిస్తుందో, ఎప్పుడు తగ్గిస్తుందో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. సముద్రంలోనూ ఇదే తంతు. కాకపోతే అక్కడ మేసేవి కంటికి ఆనీ ఆనని చిరుజీవులు. వాటి మేత కాలాన్ని బట్టి మారుతుంది. వేటకు వెళ్లిన వాళ్ల వలలో పడే చేపకూ, ఉప్పుటేరు పక్కన ఎకరం చెరువు తవ్వుకున్న చిన్న రైతు రొయ్యకూ ఈ మార్పుతో సంబంధం ఉంది.

మేసేది ఎవరు? మేత ఏది?

నీటిలో తేలుతూ ఎండతో పెరిగే అతి సూక్ష్మమైన మొక్కలను వృక్ష ప్లవకాలు అంటారు. వీటిని తిని బతికే చిన్న జంతువులు జంతు ప్లవకాలు. మన రైతులు రెండింటినీ కలిపి ‘ప్లాంక్టన్’ అనేస్తుంటారు. బంగాళాఖాతంలోని జంతు ప్లవకాల్లో ఎక్కువ భాగం కోపిపాడ్లు. ఇవి రొయ్యకు దూరపు చుట్టాలు. చాలావాటి పొడవు మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. గుడ్డు నుంచి పుట్టిన చాలా రకాల చేపపిల్లలకు తొలి ముద్ద ఈ కోపిపాడ్ల పిల్లలే. నెత్తళ్లు, కానగుర్తలు పెద్దయ్యాక కూడా వీటిని తింటాయి. అన్నట్టు, కానగుర్త శాస్త్రీయ నామంలో ఉన్న ‘కానగుర్త’ మన విశాఖ తీరం మాటే. 1803లో ప్యాట్రిక్ రస్సెల్ విశాఖ చేపల పుస్తకంలో రాసిన పేరు అలాగే నిలిచిపోయింది.

చేపపిల్ల తొలి మేతకు నోరు తెరిచిన రోజుల్లో మేత దొరికితేనే ఆ ఏటి పిల్ల బతుకుతుందని నార్వే శాస్త్రజ్ఞుడు యోహాన్ యోర్ట్ 1914లోనే చెప్పాడు. కాబట్టి మేత ఎంత ఉందన్నదే కాదు, ఏ నెలలో ఉందన్నది కూడా ముఖ్యమే.

కాలాన్ని బట్టి మేత

మార్చి నుంచి మే వరకు మన తీరం వెంబడి నైరుతి గాలి వీస్తుంది. పైనున్న నీరు తీరం వదిలి లోపలికి జరుగుతుంది. ఆ ఖాళీలోకి అడుగు నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికా శాస్త్రజ్ఞుడు లాఫాండ్ విశాఖ తీరంలో దీన్ని గమనించాడు. అడుగు నీటిలో నత్రజని, భాస్వరం ఉంటాయి. పైకొచ్చి ఎండ తగిలిందా, డయాటమ్‌లు అనే గాజు పెంకు మొక్కలు గుబురుగా పెరుగుతాయి. కోపిపాడ్లకు ఇదే పచ్చిమేత.

అదే వేసవిలో గాలి ఆగి, నీరు వేడెక్కి నిలకడగా ఉన్నచోట మరో రకం లేస్తుంది. దాని పేరు ట్రైకోడెస్మియం. రంపపు పొట్టు చల్లినట్టు నీటి మీద చారలు కడుతుంది. కోపిపాడ్లలో చాలా రకాలు దీన్ని ముట్టవు. పొలమంతా పచ్చగా ఉన్నా అది వయ్యారిభామ అయితే గేదె మూతి పెడుతుందా? ఇదీ అంతే.

జూన్ నుంచి గోదావరి, కృష్ణ, మహానది, గంగ వరద నీరు సముద్రంలో కలుస్తుంది. మంచినీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద మూత వేసినట్టు పరుచుకుంటుంది. అడుగున ఉన్న బలం పైకి రాదు. మబ్బు, బురద వల్ల ఎండా తగలదు. నదీ ముఖాల దగ్గర, బురద తేరుకున్నచోట డయాటమ్‌లు పెరిగినా లోపలి సముద్రంలో పచ్చిమేతకు కరువే.

మరి అప్పుడు ఏం తింటాయి? ఎండుమేతకు దిగుతాయి. చచ్చిన మొక్కల తునకలు, నీటిలో కరిగిన వ్యర్థాలను తిని బ్యాక్టీరియా పెరుగుతుంది. దాన్ని ఏకకణ జీవులు తింటాయి. వాటిని కోపిపాడ్లు తింటాయి. అరేబియా సముద్రంలో మొక్కలు బాగా తగ్గిన నెలల్లోనూ జంతు ప్లవకాలు అంతగా తగ్గకపోవడానికి ఈ దారే కారణమని గోవాలోని జాతీయ సముద్ర అధ్యయన సంస్థ శాస్త్రజ్ఞులు 1990లలో వివరించారు.

అయితే ఈ దారిలో ఖర్చెక్కువ. తిన్నదాంట్లో ఒంటికి పట్టేది ఇంచుమించు పదో వంతే. 100 కిలోల డయాటమ్‌లను నేరుగా తింటే 10 కిలోల కోపిపాడ్లు వస్తాయనుకోండి. మధ్యలో మరొకరు తింటే మిగిలేది ఒక్క కిలోనే.

అక్టోబరు, నవంబరులో తుపాన్లు నీటిని చిలుకుతాయి. అడుగు బలం మళ్లీ పైకి వస్తుంది. 1999 అక్టోబరులో ఒడిశా పెను తుపాను వెళ్లాక సముద్రంలో పచ్చదనం పెరగడం ఉపగ్రహ చిత్రాల్లో కనిపించింది.

చెరువు రైతు ఏం చేయాలి?

వనామి పిల్లకు మొదటి కొన్ని వారాలు కొట్టు మేత కంటే చెరువులోని ప్లాంక్టనే బలం. చెరువు ఖాళీగా ఉంటే సీడు డబ్బు నీళ్లపాలే. అందుకని ఈ జాగ్రత్తలు తీసుకోండి.

* ఏరులో రంపపు పొట్టు లాంటి చారలు గానీ, కుళ్లు వాసన గానీ ఉంటే ఆ పోటుకు మోటారు వేయొద్దు. వరద రోజుల్లో ఉప్పు శాతం చూశాకే నీరు పెట్టండి.

* ‘సముద్రపు ప్లాంక్టన్ ఊరికే వస్తోంది కదా’ అని వడకట్టడం, బ్లీచింగ్ మానొద్దు. 1994-95లో మన చెరువులను తుడిచిపెట్టిన తెల్లమచ్చ వైరస్ పీతలు, ఏటి రొయ్యలతో వస్తుంది. కోపిపాడ్లు కూడా దాన్ని మోయగలవు.

* బ్లీచింగ్ చేసిన నీరు దున్ని వదిలేసిన పొలం లాంటిది. క్లోరిన్ పూర్తిగా పోయాక తవుడు, బెల్లం, ఈస్ట్ పులియబెట్టిన జ్యూస్ చల్లండి. పైన చెప్పిన బ్యాక్టీరియా దారే మీ చెరువులోనూ పనిచేస్తుంది. మోతాదు మత్స్యశాఖ వారిని అడిగి వేయండి. ఎక్కువైతే ఆక్సిజన్ పడిపోతుంది.

* నలుపు తెలుపు పళ్లేన్ని నీటిలో దించితే 30 నుంచి 40 సెంటీమీటర్ల లోతు వరకు కనబడాలి. అంతకంటే లోతుకు కనబడితే మేత తక్కువ, ముందే మాయమైతే నాచు ఎక్కువ అని అర్థం.

* రాత్రి ఏడెనిమిది గంటలకు గాజు గ్లాసుతో చెరువు నీరు ముంచి, పక్క నుంచి టార్చి వేయండి. తెల్లని చుక్కలు కుదుపుగా గెంతుతూ వెలుతురు వైపు వస్తే అవే కోపిపాడ్లు.

ఈ గ్లాసు పరీక్షకు పైసా ఖర్చు లేదు. నాలుగైదు చోట్ల ముంచి చూడండి. చుక్కలు గెంతుతుంటే సీడు తెచ్చుకోండి. గెంతకపోతే హేచరీ వాళ్లు ఎంత తొందరపెట్టినా ఇంకో వారం ఆగండి. ఖాళీ చెరువులో వదిలిన పిల్లకు తర్వాత బస్తాల కొద్దీ మేత పోసినా పోయిన ప్రాణం తిరిగి రాదు.