సూరత్ రుచుల్లో దాగిన గోధుమ: సీలియాక్ ఉన్నవారు బయట తినాలంటే

'సూరత్‌లో భోజనం, కాశీలో మరణం' అని గుజరాతీలో ఒక సామెత. పొద్దున్నే లోచో, ఖమణ్, సాయంత్రం డుమస్ తీరంలో టమాటా భజియా, చలికాలంలో పోంక్, శరత్ పౌర్ణమి మర్నాడు ఘారీ. బయట తినడం ఆ ఊరి జీవితంలో భాగం. అయితే సీలియాక్ వ్యాధి ఉన్నవారికి అక్కడ ప్రతి పళ్లెం దగ్గరా ఒకటే ప్రశ్న: ఇందులో గోధుమ ఉందా?

ఈ వ్యాధికి ఇప్పటిదాకా ఆమోదం పొందిన మందు లేదు. గ్లూటెన్‌ను జీవితాంతం పూర్తిగా మానేయడమే చికిత్స. అందుకే హోటల్ వంటగదిలో జరిగే చిన్న పొరపాటు కూడా వీరికి చికిత్స తప్పినట్టే అవుతుంది.

పేగులో ఏం జరుగుతుంది?

గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే కొన్ని ప్రొటీన్లను కలిపి గ్లూటెన్ అంటారు. మన జీర్ణరసాలు వీటిని పూర్తిగా ముక్కలు చేయలేవు. మిగిలిన పొడవాటి ముక్కలు చిన్నపేగు గోడలోకి చేరుతాయి. చాలామందికి దీనివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. హెచ్ఎల్ఏ-డీక్యూ2 లేదా డీక్యూ8 అనే జన్యురూపాలు ఉన్నవారిలో కొందరికి మాత్రం రోగనిరోధక వ్యవస్థ ఈ ముక్కలను శత్రువులుగా భావిస్తుంది. ఆ దాడిలో దెబ్బతినేది సొంత పేగే. ఆహారాన్ని పీల్చుకునే వేలి ఆకారపు సన్నని పొరలు చదునైపోతాయి. దాంతో ఇనుము, కాల్షియం, విటమిన్లు ఒంటికి పట్టవు.

విరేచనాలు, కడుపు ఉబ్బరం, తగ్గని రక్తహీనత, ఎముకల బలహీనత, పిల్లల్లో ఎదుగుదల లోపం దీని లక్షణాలు. కొందరికి పైకి ఏమీ తెలియదు, లోపల నష్టం మాత్రం సాగుతూనే ఉంటుంది. 'తిన్నాను, ఏమీ కాలేదు' అన్నది క్షేమానికి రుజువు కాదు. ఇది గోధుమ అలర్జీ కూడా కాదు. అలర్జీ సాధారణంగా నిమిషాల్లో, గంటల్లో బయటపడుతుంది. సీలియాక్ నష్టం నెమ్మదిగా పేరుకుంటుంది.

గోధుమకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని గుర్తించింది నెదర్లాండ్స్ పిల్లల వైద్యుడు విల్లెమ్ డికే. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల అక్కడ రొట్టె కరువైంది. ఊరంతా ఆకలితో అల్లాడుతుంటే సీలియాక్ పిల్లలు మాత్రం కోలుకున్నారు. రొట్టె మళ్లీ దొరకగానే వారి జబ్బు తిరగబెట్టింది. తన పరిశీలనలను ఆయన 1950లో పరిశోధన గ్రంథంగా సమర్పించారు.

అన్నం నుంచి రొట్టెకు

సీలియాక్ ఉత్తరాది జబ్బు అనే అభిప్రాయం మన దగ్గర ఉంది. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో ఉత్తర, ఈశాన్య, దక్షిణ భారతాల్లో 23 వేల మందికి పైగా పెద్దలను పరీక్షించారు. వ్యాధిని సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిలో 1.23 శాతం మందిలోనూ, దక్షిణాదిలో 0.10 శాతం మందిలోనూ కనిపించాయి. జన్యువుల్లో మాత్రం అంత తేడా లేదు. డీక్యూ2 లేదా డీక్యూ8 రూపం ఉత్తరాదిలో సుమారు 38 శాతం, దక్షిణాదిలో 36 శాతం మందిలో ఉంది. పెద్ద తేడా కనిపించింది గోధుమ వాడకంలో: ఉత్తరాదిలో రోజుకు సగటున 455 గ్రాములు, దక్షిణాదిలో 25 గ్రాములు.

ఈ లెక్క సూరత్ తెలుగువారికి దగ్గరి విషయం. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పని మీద వెళ్లిన కుటుంబాలు లింబాయత్, ఉధ్నా వైపు తరతరాలుగా స్థిరపడ్డాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. ఇంట్లో అన్నం వండుకున్నా వీధిలో దొరికేవి పావ్, పూరీ, ఖాఖ్రా. జన్యువు ఉన్నవారిలో చాలామందికి ఈ వ్యాధి రానేరాదు. అయినా ఎంతకీ తగ్గని రక్తహీనత ఉంటేనో, పిల్లలు ఎదగకపోతేనో 'మనం అన్నం తినేవాళ్లం, మనకు రాదు' అని సీలియాక్‌ను పక్కన పెట్టకూడదు.

ఎంత తింటే ప్రమాదం?

రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ కొన్ని నెలల పాటు లోపలికి వెళితే పేగు దెబ్బతింటుందని ప్రయోగాల్లో తేలింది. 10 మిల్లీగ్రాముల లోపు ఉంటే చాలామందికి హాని ఉండదని భావిస్తున్నారు. గోధుమపిండిలో దాదాపు పదో వంతు గ్లూటెనే. అంటే 10 మిల్లీగ్రాములకు పదో వంతు గ్రాము పిండి చాలు. టీ చెంచాడు మైదాను పాతిక భాగాలు చేస్తే అందులో ఒక భాగం.

మన దేశంలో కిలోకు 20 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ గ్లూటెన్ లేని ఆహారాన్నే 'గ్లూటెన్ రహితం' అని అమ్మాలి. అలాంటి ఆహారం రోజుకు అరకిలో తిన్నా లోపలికి వెళ్లేది గరిష్ఠంగా 10 మిల్లీగ్రాములే.

సూరత్ పళ్లెంలో ఏది ఏమిటి?

సూరత్ వంటకాలు చాలావాటికి మూలం శనగపప్పు, శనగపిండి, జొన్న, సజ్జ, బియ్యం. వీటిలో గ్లూటెన్ లేదు. లోచో శనగపప్పు రుబ్బి చేస్తారు. పోంక్ అంటే కాల్చి దులిపిన లేత జొన్న గింజలు. సజ్జ రోట్లో, రాగులతో చేసే నాగ్లీ రోట్లో, కిచిడీ కూడా సహజంగా గోధుమ లేనివే.

ఘారీ పైపొర, నాన్‌ఖటాయి, ఆలూపూరీలోని చిన్న పూరీలు మైదాతో చేసినవి. ఖావ్సాలో నూడుల్స్ ఉంటాయి. ఇవి పేరు వినగానే తప్పుకోవలసినవి.

చిక్కు వచ్చేది మధ్యలో ఉన్నవాటితో. ఊంధియు చూడటానికి కూరే, కానీ అందులోని మెంతికూర ముఠియాల్లో శనగపిండితో పాటు గోధుమపిండి కూడా కలుపుతారు. ఖమణ్, హాండ్వోలలో కొందరు రవ్వ వేస్తారు. హోటల్ గ్రేవీలను చిక్కబరచడానికి మైదా వాడటం ఉంది. చైనీస్ వంటకాల్లో వేసే సోయా సాస్ మామూలుగా గోధుమతో తయారవుతుంది.

అన్నిటికంటే తేలిగ్గా తప్పించుకునేది ఇంగువ. బజారులో దొరికే ఇంగువ చాలావరకు స్వచ్ఛమైనది కాదు. ఘాటు తగ్గించడానికి జిగురు, మైదా లేదా బియ్యప్పిండి కలుపుతారు. పప్పు, కఢీ, చట్నీ, సాంబారు అన్నిటిలోనూ అది పడుతుంది. బియ్యప్పిండి కలిపిన ఇంగువ కూడా దొరుకుతుంది కాబట్టి డబ్బా మీద రాసింది చదవాలి.

వంటగదిలో కలిసే దారులు

పదార్థంలో గోధుమ లేకపోయినా వండే తీరులో చేరవచ్చు. పూరీలు వేయించిన నూనెలోనే భజియాలు వేస్తే, రోటీలు కాల్చిన పెనం మీదే దోసె పోస్తే, ఒకే గరిటె అన్నిటిలో తిప్పితే గ్లూటెన్ అంటుకుంటుంది. గోధుమలు పట్టిన మరలోనే శనగలు పడితే శనగపిండిలోనూ అది ఉంటుంది. వేడికి గ్లూటెన్ నశించదు. మరిగే నూనె క్రిములను చంపుతుంది గానీ ఈ ప్రొటీన్‌ను తొలగించదు.

అమెరికాలో 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో, హోటళ్లు గ్లూటెన్ లేదని చెప్పిన వంటకాలను తినేవారే చేతి పరికరాలతో పరీక్షించారు. 5,600కు పైగా పరీక్షల్లో 32 శాతం సార్లు గ్లూటెన్ కనిపించింది. అలా చెప్పిన పిజ్జాల్లోనైతే సగానికి పైగా. ఆ పరికరాలు 20 మిల్లీగ్రాముల పరిమితి కంటే తక్కువ మోతాదును కూడా పట్టగలవు కాబట్టి ఇవన్నీ ప్రమాదకరమని కాదు. మెనూ మీది మాటను మాత్రమే నమ్మలేమని అర్థం.

ఫరాళీ చూపే దారి

గుజరాత్‌లో ఏకాదశి, శ్రావణ మాసం, నవరాత్రి ఉపవాసాలకు చేసే ఆహారాన్ని ఫరాళీ అంటారు. అందులో గోధుమ నిషిద్ధం. రాజగిరా, సామో అనే ఊదలు, సింఘోడా పిండి, సగ్గుబియ్యం, బంగాళాదుంప వాడతారు. సీలియాక్ ఉన్నవారికి ఇది సిద్ధంగా ఉన్న మెనూ. అయితే దాన్ని వేరే నూనెలో, వేరే గిన్నెల్లో చేస్తున్నారా అని అడిగి తీరాలి. ఉల్లి, వెల్లుల్లి లేని జైన భోజనం వేరుగా వండటం కూడా అక్కడి వంటవాళ్లకు అలవాటే. 'వేరుగా చేయండి' అనే మాట వారికి కొత్త కాదు. అయితే జైన వంటకంలో గోధుమ ఉండవచ్చు, ఆ పేరు చూసి తినకూడదు.

హోటల్లో 'గ్లూటెన్' అన్న మాట తెలియకపోవచ్చు. గోధుమను గుజరాతీలో 'ఘఉఁ', మైదాను 'మేందో', రవ్వను 'రవో' లేదా 'సోజీ', బార్లీని 'జవ్' అంటారు. ఈ పేర్లన్నీ విడివిడిగా చెప్పాలి. గోధుమ వద్దంటే మైదా సంగతి గుర్తుకు రాని వారుంటారు. రద్దీ లేని వేళ వెళ్తే వంటవారితో నేరుగా మాట్లాడే వీలుంటుంది. పెనం కడిగించి, నూనె, గరిటె, ఇంగువ గురించి అడగాలి.

ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 నాటి నిబంధనల ప్రకారం ప్యాకెట్ల మీద గోధుమ వంటి గ్లూటెన్ ధాన్యాల సమాచారం తప్పనిసరి. కేంద్ర లైసెన్సు ఉన్న, లేదా పది అంతకంటే ఎక్కువ చోట్ల శాఖలున్న హోటళ్లు కూడా వంటకాల్లోని అలర్జీ కారకాలను తెలపాలి. వీధి బండికి, చిన్న ఫర్సాణ్ దుకాణానికి ఇది వర్తించదు. అక్కడ అడగడమే దారి.

చివరగా ఒక జాగ్రత్త. అనుమానం రాగానే సొంతంగా గోధుమ మానేస్తే రక్తపరీక్షలో యాంటీబాడీలు తగ్గిపోయి, పేగు ముక్క పరీక్షలోనూ జబ్బు దొరక్కపోవచ్చు. ముందు గోధుమ తింటూనే వైద్యుల దగ్గర పరీక్ష చేయించుకోవాలి. వ్యాధి తేలాక మానేయాలి. అలా మానేసినవారిలో ఎక్కువమందికి పేగు పొరలు నెలల్లో, కొన్నిసార్లు ఏళ్లలో తిరిగి కోలుకుంటాయి.