అంకెలన్నియు లెక్కలు కావు

పంజగుట్ట చేరువ నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించిన మేడకు ఇరం మంజిల్ అని పేరు. పారసీకమున ఇరం అనగా స్వర్గవనము. తెలుగువారి చెవికి అది ఎర్రమంజిల్ అయినది. పలుకు ఒక్కటియే, విన్నవారు తమ భాషలో అర్థము చెప్పుకొనిరి. పేరు విషయమున ఇట్టి మార్పు ముచ్చటగనే యుండును. ఇంటి నంబరు విషయమున ఇట్లే జరిగినచో ఉత్తరము చేరదు.

ఎర్రమంజిల్, సోమాజిగూడ ప్రాంతములలో ఇంటి నంబరులు పెక్కు 6-3 అని మొదలగును. ఒక కార్యాలయమున పింఛనుదారుల వివరములు డేటాబేసులో నున్నవనుకొందము. అచట ప్రతి నిలువు వరుసకును రకము ముందే నిర్ణయింపబడి యుండును: ఇది అక్షరములు, ఇది తేదీ, ఇది కూడదగిన సంఖ్య అని. గుమాస్తా తనకు వలసిన వివరములను అడిగి, వచ్చిన జవాబును సి.ఎస్.వి. ఫైలుగా దింపుకొనును. అందు కామాలతో వేరుపరచిన అక్షరములు మాత్రమే యుండును. రకముల గుర్తులు వెంట రావు.

ఆ ఫైలును నేరుగా తెరచినంతనే ఎక్సెల్ ప్రతి గడిని చూచి తనంతట ఊహించును. 6-3-12 అను ఇంటి నంబరును 2012 మార్చి 6వ తేదీ యని తలచును. యంత్రమున అమెరికా పద్ధతి యున్నచో అదియే జూన్ 3 అగును. తేదీలను 1900 సంవత్సరారంభము నుండి దినముల లెక్కగా దాచుట దాని పద్ధతి. కావున తప్పు గ్రహించి గడిని అక్షరముల రకమునకు మార్చినను 40974 అను అంకె కనబడును గాని, పోయిన ఇంటి నంబరు తిరిగి రాదు.

ఇట్లే హైదరాబాదు టెలిఫోను కోడు 040 లోని మొదటి సున్న రాలిపోవును. ఎక్సెల్ 15 అంకెలనే నిలుపుకొనును గనుక, 16 అంకెల కార్డు నంబరులో చివరి యంకె సున్నగా మారును.

ఇది చిన్న విషయము కాదు. 2020 లో ఇంగ్లండున, 65,536 వరుసలు మాత్రమే పట్టు పాత ఎక్సెల్ ఫైలును వాడుటచే 15,841 మంది కోవిడు రోగుల వివరములు దినలెక్కలలో చేరలేదు. వారిని కలిసినవారిని హెచ్చరించుటయు ఆలస్యమైనది. తేదీలుగా మారుచున్నందున కొన్ని జన్యువుల సంకేతనామములనే శాస్త్రజ్ఞులు మార్చుకొనవలసి వచ్చినది.

నివారణము కష్టము కాదు. ఫైలును నేరుగా తెరువక, డేటా అను విభాగము ద్వారా దిగుమతి చేసికొనవలెను. రకములను ఊహింపవద్దని అచట ఆదేశించి, ఇంటి నంబరును, ఖాతా నంబరును అక్షరములుగను, పింఛను మొత్తమును సంఖ్యగను మనమే నిర్ణయింపవలెను. తేదీని సంవత్సరము, నెల, దినము అను క్రమమున వ్రాసినచో తారుమారు కాదు. తెలుగు పేర్లు చెడకుండుటకు యు.టి.ఎఫ్-8 లిపిసంకేతమును ఎన్నుకొనవలెను. తుదకు వరుసల సంఖ్యను, పైకముల మొత్తమును రెండు చోట్లను సరిచూడవలెను.

అమీర్‌పేట శిక్షణాలయములలో డేటాబేసు నేర్చుకొను యువకులకేగాక, ఇంటి పద్దులు వ్రాసికొను గృహిణికిని ఒక్క పరీక్ష చాలును: ఈ యంకెను మరియొక దానితో కూడినచో అర్థమున్నదా? రెండు పింఛనులను కూడవచ్చును. రెండు ఇంటి నంబరులను కూడి ఎవరి తలుపు తట్టగలము?