మాట్లు వేసే చేతులు రాసిన కథ

మన సంఘాల్లో రాయాలనే ఆశ ఉన్న యౌవనస్థులు ఒకరిద్దరైనా ఉంటారు. క్రిస్మస్ నాటిక రాసిచ్చేది వాళ్లే. యూత్ మీటింగుకు స్కిట్ తయారుచేసేదీ వాళ్లే. ఎవరికీ చూపించని నోటుపుస్తకంలో కథ మొదలుపెట్టి సగంలో ఆపేసేదీ వాళ్లే. వాళ్లను రెండు మాటలు వెనక్కి లాగుతుంటాయి. ఒకటి పెద్దలు అనే మాట: "కథలన్నీ కల్పితాలు, ఆ సమయమేదో వాక్యానికి ఇవ్వొచ్చుగా." రెండోది తమకు తామే చెప్పుకునే మాట: "నాకు పెద్ద చదువు లేదు. నా బ్రతుకులో రాయడానికి ఏముంది?"

ఈ రెండు మాటలకూ జవాబు 17వ శతాబ్దపు ఇంగ్లండులో ఒక మనిషి జీవితంలో దొరుకుతుంది. ఊరూరూ తిరిగి చిల్లులు పడిన పాత్రలకు మాట్లు వేసి బ్రతికిన మనిషి ఆయన. ఆయన రాసిన కథ 1678లో అచ్చయి, ఆ తర్వాత 200కు పైగా భాషల్లోకి వెళ్లింది. మన తెలుగులో అది "యాత్రికుని ప్రయాణము". రాసినవాడు జాన్ బన్యన్. ఆ పుస్తకం గురించి ప్రసంగాల్లో వింటూనే ఉంటాం. అలాంటి పుస్తకం రాయగల మనిషిగా ఆయన ఎలా తయారయ్యాడో మాత్రం అంతగా ఆలోచించం. రాయాలనుకునే మన పిల్లలకు కావలసిన పాఠం అక్కడే ఉందని మేము అనుకుంటున్నాం. కథ ముందు రాసేవారి మీద పనిచేయాలి. అప్పుడే చదివేవారి మీద కూడా పనిచేస్తుంది.

కల్పితం వేరు, అబద్ధం వేరు

ముందుగా పెద్దల మాట చూద్దాం. దావీదు పాపం చేసినప్పుడు దేవుడు నాతాను ప్రవక్తను పంపాడు. నాతాను నేరం చదివి వినిపించలేదు, ధర్మశాస్త్రం ఎత్తి చూపలేదు. ఒక ధనవంతుడి కథ, ఒకే ఒక్క గొర్రెపిల్ల ఉన్న బీదవాడి కథ చెప్పాడు. రాజు ఆ కథ విని కోపంతో మండిపడి తీర్పు చెప్పేశాడు. తాను తీర్పు చెప్పింది తన మీదేనని ఆ తర్వాత తెలిసింది. నేరుగా నిలదీసి ఉంటే రాజుకు తనను తాను సమర్థించుకునే సమయం దొరికేది. కథ ఆ సమయం ఇవ్వలేదు. ఆ గొర్రెపిల్ల నిజంగా లేకపోవచ్చు, దావీదు గుండెలో తగిలిన దెబ్బ మాత్రం నిజం. అబద్ధం సత్యాన్ని దాచిపెడుతుంది. నాతాను చెప్పిన కథ దాచిపెట్టిన సత్యాన్ని బయటికి తీసింది.

మన ప్రభువు చెప్పిన తప్పిపోయిన కుమారుని ఉపమానం చూడండి. చిన్నవాడు ఇంటికి వచ్చాడు, విందు మొదలైంది. పెద్దవాడు అలిగి బయటే నిలబడ్డాడు, తండ్రి బయటికి వచ్చి బతిమాలాడు. తర్వాత పెద్దవాడు లోపలికి వెళ్లాడా? ఉపమానం చెప్పదు. సణుగుతూ విన్న పరిసయ్యులు ఆ జవాబు తామే ఇవ్వాల్సి వచ్చింది. చదువుతున్న మనమూ ఇవ్వాల్సిందే.

చౌక కథలు చదివిన కుర్రవాడు

బన్యన్ 1628లో బెడ్‌ఫర్డ్ పట్టణం దగ్గర ఎల్‌స్టో గ్రామంలో పుట్టాడు. తండ్రిదీ అదే మాట్లు వేసే పని. బడిలో నేర్చుకున్న కాస్త చదువూ చాలావరకు మరచిపోయానని ఆయనే తర్వాత రాసుకున్నాడు. 1644లో తల్లి చనిపోయింది. వెంటనే చెల్లెలు కూడా చనిపోయింది. అదే ఏడాది, 16 ఏళ్లకే, అంతర్యుద్ధంలో పార్లమెంటు సైన్యంలో చేరాల్సి వచ్చింది. ఒకసారి ఆయన వెళ్లాల్సిన చోటికి మరొకడు బదులుగా వెళ్లి, తుపాకి గుండు తగిలి చనిపోయాడు.

కుర్రతనంలో బన్యన్‌కు ఇష్టమైనవి సంతల్లో అమ్మే చౌక పుస్తకాలు. వాటి నిండా వీరుల కథలు, రాక్షసులు, కోటలు, కత్తియుద్ధాలు. లేఖనాలకంటే వాటినే ఎక్కువగా ప్రేమించానని ఆయన తర్వాత బాధపడ్డాడు. కాబట్టి పెద్దల భయంలో అర్థం లేకపోలేదు. అయితే "యాత్రికుని ప్రయాణము" తెరిచి చూడండి. వీపున బరువుతో బయలుదేరిన ఒక మనిషి, దూర ప్రయాణం, అపొల్లుయోనుతో కత్తియుద్ధం, కోటలో బంధించే రాక్షసుడు. చిన్నప్పుడు చదివిన కథల సామాగ్రి అంతా అక్కడ ఉంది, ఇప్పుడు సువార్త పనికి వచ్చింది. దేవుడు ఆ కుర్రవాడి ఊహాశక్తిని తీసివేయలేదు, దానికి యజమానిని మార్చాడు.

పెళ్లయ్యేనాటికి ఆ దంపతులకు గిన్నె, చెంచా కూడా లేవు. భార్య పుట్టింటి నుండి తెచ్చుకున్న ఆస్తి రెండు భక్తి పుస్తకాలు. ఇద్దరూ కూర్చుని వాటిని చదువుకునేవారు. తర్వాత బాగా చిరిగిపోయిన పాత ప్రతి ఒకటి చేతికొచ్చింది. అది గలతీయులకు రాసిన పత్రికపై లూథర్ వ్యాఖ్యానం. తన మనసులో జరుగుతున్నదంతా అందులో కనిపించి ఆయన ఆశ్చర్యపోయాడు. మంచి పుస్తకం చేసే మొదటి పని ఇదే. "నీవొక్కడివే కాదు, ఈ దారిన మరొకడు ముందే నడిచాడు" అని చెబుతుంది.

గుమ్మం దగ్గర విన్న మాటలు

బన్యన్‌ను మార్చిన మాటలన్నీ పుస్తకాల్లోవి కావు. ఒకరోజు పని మీద బెడ్‌ఫర్డ్ వీధిలో వెళ్తుంటే, ముగ్గురు నలుగురు బీద స్త్రీలు ఒక గుమ్మం దగ్గర ఎండలో కూర్చుని దేవుడు తమ హృదయాల్లో చేసిన పని గురించి మాట్లాడుకుంటున్నారు. అప్పటికి ఆయన మతం గురించి ధారాళంగా మాట్లాడగలవాడే. వాళ్ల మాటలు విన్నాక తనకు తెలిసింది మాటలేనని, వాళ్లకు తెలిసింది వేరే ఏదోనని అర్థమైంది. ఆ స్త్రీల పేర్లు ఆయన రాయలేదు. వాళ్లెవరూ పుస్తకాలు రాసినవారు కాదు. అయినా ఆ సంభాషణ ఆయన్ను వదలలేదు. మళ్లీ మళ్లీ వాళ్ల దగ్గరికి వెళ్లాడు, చివరికి వాళ్ల సంఘంలోనే చేరాడు.

రాయాలనుకునేవారికి ఇది పెద్ద పాఠం. మన సంఘాల్లో సాక్ష్యం చెప్పే అమ్మలు, ప్రార్థన అయ్యాక చాప మీద కూర్చుని మాట్లాడుకునే అవ్వలు ఉన్నారు. కూలి పని చేసి పిల్లలను చదివించినవారు, కొడుకును పోగొట్టుకుని కూడా ఆదివారం మానని వారు ఉన్నారు. వాళ్ల మాట తీరు, ఆగిపోయే చోటు, కన్నీళ్లు తుడుచుకుని నవ్వే క్షణం వినడం నేర్చుకుంటే రాయడానికేముంది అన్న ప్రశ్న ఇక రాదు.

జైలులో దొరికిన తాళపుచెవి

1660 నవంబరులో, అనుమతి లేకుండా కూడిక జరిపి బోధిస్తున్నందుకు బన్యన్‌ను పట్టుకున్నారు. ఇక బోధించనని మాట ఇస్తే వదిలేస్తామన్నారు. ఆయన ఇవ్వలేదు. 12 ఏళ్లు బెడ్‌ఫర్డ్ జైలులో గడిచాయి. ఇంటి దగ్గర భార్య ఎలిజబెత్, మొదటి భార్యకు పుట్టిన నలుగురు పిల్లలు. వారిలో పెద్దది మేరీ, చూపు లేని పిల్ల. అందరికంటే ఆ పిల్ల తలపే తన గుండెను కోసేదని ఆయన రాసుకున్నాడు. లేసులకు మొనలు తగిలించి, వాటిని అమ్మించి కుటుంబాన్ని పోషించాడు. పక్కన బైబిలు, హతసాక్షుల చరిత్ర ఉండేవి. అక్కడే రాయడం సాగింది. తన ఆత్మీయ పోరాటాన్ని చెప్పే ఆత్మకథ 1666లో వచ్చింది.

ఆ ఆత్మకథ చదివినవారికి ఒక సంగతి తెలుస్తుంది. బన్యన్ ఏళ్ల తరబడి సందేహంతో కుమిలిపోయాడు. దేవుడు తనను వదిలేశాడేమోనని వణికిపోయాడు. "యాత్రికుని ప్రయాణము"లో క్రైస్తవుడు, అతని స్నేహితుడు దారి తప్పి సందేహపు కోటలో నిరాశ అనే రాక్షసుడికి చిక్కుతారు. రాక్షసుడు కొట్టి, చచ్చిపొమ్మని సలహా ఇస్తాడు. రోజులు గడిచాక, ఒక రాత్రి ప్రార్థిస్తుండగా క్రైస్తవుడికి గుర్తొస్తుంది. వాగ్దానమనే తాళపుచెవి మొదటినుండీ తన రొమ్ము దగ్గరే ఉంది! ఆ రాక్షసుడి చెరలో తాను పడి ఉన్నవాడే ఇలా రాయగలడు. అందుకే నిద్రపట్టని రాత్రి ఆ పుట చదివిన విశ్వాసికి అది ప్రసంగంలా అనిపించదు, తోడు దొరికినట్టుంటుంది.

అచ్చు వేయాలా, వద్దా?

రాసింది చూపించినప్పుడు బన్యన్‌కూ ఒకే అభిప్రాయం రాలేదు. కొందరు అచ్చు వేయమన్నారు, కొందరు వద్దన్నారు. గంభీరమైన ఆత్మీయ విషయాన్ని కట్టుకథగా చెప్పవచ్చా అన్నదే అభ్యంతరం. ఈ గొడవంతా పుస్తకం ముందుమాటలో ఆయనే చెప్పాడు. అందరి మాటా విన్నాడు, ప్రవక్తలు, ప్రభువు ఉపమానాలతో మాట్లాడారని గుర్తుచేశాడు, చివరికి అచ్చు వేయించాడు. మన యౌవనస్థులు ఇక్కడ రెండు సంగతులు నేర్చుకోవాలి. రాసింది నలుగురికి చూపించాలి. ఒకరు కాదన్నంత మాత్రాన చించివేయకూడదు.

పనివాళ్లు, పిల్లలు, ఇళ్లలో అమ్మలు ఆ పుస్తకాన్ని గుండెకు హత్తుకున్నారు. చదువుకున్న పెద్దలు మాత్రం చాలాకాలం చిన్నచూపు చూశారు. సంఘాలు నేటికీ పాడుకునే కీర్తనలు రాసిన విలియం కౌపర్, 1785లో వచ్చిన తన కవితలో బన్యన్‌ను మెచ్చుకుంటూనే, పేరు చెబితే జనం నవ్వుతారని చెప్పకుండా వదిలేశాడు. సరళమైన భాషలో రాసేవారు ఇలాంటి చిన్నచూపుకు వెరవనక్కర్లేదు.

కుంటివారితో కలిసి నడిచిన కథ

మొదటి భాగంలో క్రైస్తవుడు చెవుల్లో వేళ్లు పెట్టుకుని, ఆలుబిడ్డలను వదిలి పరుగెత్తుతాడు. ఆరేళ్ల తర్వాత, 1684లో, బన్యన్ రెండో భాగం రాశాడు. ఈసారి బయలుదేరినది భార్య, నలుగురు కొడుకులు, తోడుగా పొరుగింటి అమ్మాయి. దారిలో ఊతకర్రలతో నడిచేవాడు, ధైర్యం చాలనివాడు, ప్రతిదానికీ భయపడే కూతురితో ఒక తండ్రి వచ్చి కలుస్తారు. కాపలాగా నడిచే వీరుడు వాళ్ల నడకకు తగ్గట్టే తన అడుగు తగ్గించుకుంటాడు. నిరాశ రాక్షసుడిని చంపి, ఆ కోటను పడగొడతారు కూడా.

రెండు భాగాల మధ్య తేడా ఎక్కడి నుండి వచ్చింది? 1672లో జైలు నుండి వచ్చిన బన్యన్ అదే బెడ్‌ఫర్డ్ సంఘానికి కాపరి. రెండో భాగం వచ్చేనాటికి 12 ఏళ్లుగా బలహీనుల మధ్య తిరిగినవాడు. మొదటి కథలో ఒంటరిగా పోరాడిన ఆత్మ ఉంది, రెండో కథలో సంఘం ఉంది. రాసేవారి జీవితం పెరిగితే కథా పెరుగుతుందని ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ అరుదు. చివరికి 1688లో ఒక తండ్రికీ కొడుకుకీ మధ్య సమాధానం కుదర్చడానికి వెళ్లి, వానలో తడుస్తూ గుర్రంపై తిరిగి వస్తూ జబ్బుపడి, లండనులో కన్నుమూశాడు. విడిపోయిన తండ్రీకొడుకులను కలపడమే ఆయన చివరి పనుల్లో ఒకటి.

ఒక కథ నుండి మరో కథ

అమెరికా రచయిత్రి లూయీసా మే ఆల్కాట్ 1868లో రాసిన "లిటిల్ విమెన్" నవలలో నలుగురు అక్కచెల్లెళ్లు చిన్నప్పుడు మూటలు కట్టుకుని ఈ యాత్రికుని ఆటే ఆడేవారు. రచయిత్రి కావాలనే ఆశ ఉన్న జో, తన కోపంతో చేసే పోరాటం వచ్చే అధ్యాయానికి అపొల్లుయోను పేరే పెట్టారు. డబ్బు కోసం సంచలన కథలు రాసిన జో, తర్వాత వాటిని మానేసి, తనకు తెలిసిన ఇంటి కష్టసుఖాలు రాసినప్పుడే చదివినవారి మనసు తాకుతుంది. మన భాషలో గుర్రం జాషువా, మేఘసందేశం దారిలోనే నడుస్తూ, మేఘానికి బదులు గబ్బిలంతో ఒక బీదవాడి మొర పంపించాడు. చదివినదాన్ని తమ బాధతో కలిపి రాసినవారు వీరంతా.

సంఘం చేయగలిగినది

మన క్రిస్మస్ నాటికల్లో చాలాసార్లు ఒకటే జరుగుతుంది. తాగుబోతు తండ్రి చివరి సీనులో పాస్టరుగారి రెండు మాటలకు మారిపోతాడు, తెర పడుతుంది. రాసిన పిల్లలకూ అది నిజం కాదని తెలుసు. ఆ తండ్రి మర్నాడు పొద్దున ఎలా లేచాడు, భార్య నమ్మిందా, అన్నది రాయనిద్దాం. నీతి వాక్యం చివర్లో అతికించమని ఒత్తిడి చేయవద్దు. చర్చిలో ఒక చిన్న పుస్తకాల అర పెడదాం. రాసింది చదివి, ఓపికగా మాట్లాడే పెద్దలు ఒకరిద్దరు ముందుకు రావాలి.

రాసే పిల్లలారా, ముందు చదవండి, వినండి. చదివిన కథ మీలో ఏది నిలదీస్తుందో దాని ముందు కాసేపు నిలబడండి. ఆ తర్వాత మీకు తెలిసిన భాషలో రాయండి. వెనుక నడిచేవారి కోసం అడుగు తగ్గించుకునే రచయితలను ప్రభువు మన సంఘాల్లో లేపును గాక.