మూలన నిలబడ్డ చెక్క మనుషులు

గదిలోకి వెళ్లగానే మూలన పనిమనిషి చీపురు పట్టుకుని కనిపిస్తుంది. పలకరిస్తే పలకదు. దగ్గరికెళ్లి చూస్తే చెక్క బొమ్మ! వీటినే ‘డమ్మీ బోర్డులు’ అంటారు.

17వ శతాబ్దంలో నెదర్లాండ్స్‌లో వీటికి మంచి పేరొచ్చింది, తర్వాత ఇంగ్లండ్‌కూ పాకాయి. పలకను మనిషి ఆకారంలో కోసి, ఆయిల్ రంగులు వేసేవారు. మందం కనిపించకుండా అంచుల్ని వెనక వైపు ఏటవాలుగా చెక్కేవారు. గోడకు కాస్త ఎడంగా పెడితే నీడ కూడా పడేది. మసక వెలుతురులో ఇక నిజం మనిషే!

అప్పట్లో నిలువెత్తు చిత్రం వేయించుకోవడం డబ్బున్నవాళ్లకే సాధ్యం. ఈ చెక్క బొమ్మల్లో మాత్రం సైనికులు, పిల్లలతో పాటు పనిమనిషి కూడా నిలువెత్తున నిలబడింది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇలాంటి బొమ్మలు భద్రంగా ఉన్నాయి. రూపం మిగిలింది. చాలా బొమ్మలకు పేరే మిగల్లేదు.